జీవాలూ, నీళ్ళ వంతులూ, ఊరి పూలూ: మీ ఉత్తరాలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. వానాకాలం వస్తోందంటే చాలు, సీమ పల్లెల్లో కుర్రోళ్ళకూ పొదుపు సంఘాల అక్కచెల్లెళ్ళకూ ఊరు బాగు చేసుకుందామనే ఊపు వస్తుంది. మంచిదే. కాకపోతే పోయినేడు ఊపు మీదున్నవాళ్ళే ఈ ఏడు నాకు గోడు వెళ్ళబోసుకుంటున్నారు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకు పక్కన పెట్టి, ఈసారి ఇదొక్కటే తీసుకున్నాను. పేర్లు, ఊర్లు వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు.

*అక్కా, మాది పత్తికొండ పక్క పల్లె. పోయినేడు జూన్ 5న పర్యావరణ దినోత్సవమని సంఘంలో ఆడోళ్ళమూ, చదువుకునే పిల్లోళ్ళూ కలిసి బస్టాపు కాడి నుంచి రచ్చకట్ట దాకా కంప కొట్టి, కసువు ఎత్తి, రోడ్డుకు రెండు పక్కలా వందకు పైగా మొక్కలు నాటినాము. మందారాలు, నందివర్ధనాలు, కాగితం పూలు, మధ్యలో వేప. పెద్దోళ్ళొచ్చి ఫొటోలు దిగి పోయినారు. ఇప్పుడు చూస్తే పదో పన్నెండో మిగిలినాయి. సగం జీవాలు తినేసినాయి, సగం ఎండినాయి. మళ్ళీ నాటుదామంటే "నీకేం పనిలేదా" అంటున్నారు.*

ముందు ఆ జూన్ 5 సంగతి తేల్చుకుందాం. ఆ తేదీ ప్రపంచానికి మంచిదే గానీ మన నేలకు కాదు. అప్పటికి ఎండ తగ్గదు, ఒక జల్లు పడి మురిపించి మళ్ళీ మూడు వారాలు మొహం చాటేస్తుంది, ఆ మూడు వారాల్లోనే లేత మొక్క చచ్చిపోతుంది. మన వైపు వానలు బాగా పడే నెల సెప్టెంబరు. జులై ఆఖరులోనో ఆగస్టులోనో నాటారనుకోండి, వేరు పట్టేసరికి సెప్టెంబరు, అక్టోబరు వానలు అందుకుంటాయి. ఫొటో కావాలంటే జూన్ 5న గుంతలు తీస్తూ దిగండి. రెండడుగుల లోతు గుంతలు తీసి ఎండకు వదిలేసి, తర్వాత మాగిన ఎరువు కలిపి పూడ్చుకుంటే ఆ పని కూడా ముందే అయిపోయినట్టుంటుంది.

ఇక జీవాలు, అంటే మేకలూ గొర్రెలూ. మేక తినే తీరు ఎప్పుడైనా నిలబడి చూశారా? ముందు కాళ్ళు రెండూ కంచె మీద ఆనించి, మెడ చాచి, చిగురు కొసను పెదవులతో అందుకుని ఒక్క గుంజు గుంజుతుంది. ఐదడుగుల ఎత్తు దానికి లెక్క కాదు. మీరు జానెడు మందారం మొక్క నాటి చుట్టూ నాలుగు కంప మండలు గుచ్చితే అది దానికి విస్తరి వేసినట్టే. మందారం, కాగితం పూలు, వేప, మూడూ మేకకు ఇష్టమే, మీరు ఏరి కోరి అవే నాటారు. నర్సరీలో జానెడు మొక్కలు వంద తెచ్చే డబ్బుతో మనిషెత్తు మొక్కలు పాతిక తెచ్చుకోండి. కంప వేస్తే మొక్కకు ఆనించి కాదు, రెండు మూరల దూరంలో, నడుమెత్తున, గట్టిగా.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మీ ఉత్తరంలో సంఘంవాళ్ళు ఉన్నారు, పిల్లలున్నారు, పెద్దోళ్ళున్నారు, జీవాల కాపరి మాత్రం ఎక్కడా లేడు. ఏ ఊరి ఉత్తరంలోనూ ఉండడు. నాటేటప్పుడు అతన్ని పిలవరు, తిన్న తర్వాత తిడతారు. పొద్దున జీవాలను తోలుకుపోయే దారేది, సాయంత్రం మళ్ళేసే దారేది, ఏ మలుపులో అవి చెదిరిపోతాయి, ఇవన్నీ తెలిసినోడు అతనొక్కడే. మొదటి మీటింగుకే పిలిచి, టీ ఇచ్చి, "అన్నా, ఏ పక్కన నాటితే నీకు ఇబ్బంది లేదు" అని అడగండి. ఒక పక్క వదిలేయమంటాడు. వదిలేయండి. రెండో పక్కకు అతనే కాపలా కాస్తాడు, ఎందుకంటే అప్పుడది అతని మాట కూడా.

నీళ్ళ సంగతి చివర చెబుతున్నా గానీ అసలు పని అదే. నాటడం ఒక పూట. నీళ్ళు పోయడం కనీసం రెండు ఎండాకాలాలు, చెట్టయితే మూడు. "అందరం కలిసి పోద్దాం" అన్నారంటే ఎవరూ పోయరు. ఒక్కో మొక్క ఒక్కో ఇంటిది కావాలి, ఆ ఇంటి ముందో పక్కనో ఉండాలి, ఆ ఇంటావిడకు ముందే చెప్పి ఒప్పించి నాటాలి. ఎవరూ ఒప్పుకోని చోట నాటకండి, ఎంత అందంగా కనపడే చోటైనా సరే. అలా లెక్క వేస్తే మీకు వంద మొక్కలు రావు, ముప్పై వస్తాయి. ముప్పైతో మొదలుపెట్టండి.

బిందెతో పైన పోస్తే మన ఎర్రనేలలో గంటకే ఆవిరైపోతుంది. పాత మట్టికుండ ఉంటే మొక్కకు మూరెడు దూరంలో మెడ దాకా పూడ్చి, నీళ్ళు నింపి, పైన బండ ముక్క మూయండి. కుండ చెమర్చినట్టు నీళ్ళు కొద్దికొద్దిగా వేరుకు అందుతాయి, మూడు నాలుగు రోజులకోసారి నింపితే సరిపోతుంది. రంగు వేసిన కుండలు, నిగనిగలాడే కుండలు పనికిరావు, వాటి నుంచి నీరు ఊరదు. మొదలు చుట్టూ బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టు నాలుగు వేళ్ళ మందం పరిస్తే తేమ నిలుస్తుంది, చెదలు కనిపిస్తే మాత్రం తీసేయండి. రోడ్డు పక్క మొక్కలు నాటి నీళ్ళు పోసి పెంచే పనికి ఇన్నేళ్ళూ ఉపాధి హామీలో కూలీ ఇస్తూ వచ్చారు కాబట్టి మీ సచివాలయంలో అదీ అడిగి చూడండి, కాకపోతే దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు.

"నీకేం పనిలేదా" అన్నవాళ్ళకు ఇప్పుడేం చెప్పకండి. మిగిలిన ఆ పదీ పన్నెండూ ఎవరింటి ముందు బతికాయో చూడండి. ఈసారి మీ జట్టు వాళ్ళే.

*మైదుకూరు దగ్గర మాది. నీళ్ళు తక్కువ, మేకలు ఎక్కువ. అయినా ఊరి మొదట్లో పూలు కనపడాలని మా కోరిక. ఏవి నాటాలి మేడం?*

గన్నేరు, బిళ్ళగన్నేరు, తంగేడు. ఈ మూడింటినీ జీవాలు ముట్టవు, ఎండకు ఓర్చుకుంటాయి, ఏడాదిలో చాలా నెలలు ఏదో ఒకటి పూస్తూనే ఉంటుంది. తంగేడు అనగానే మొహం ముడుచుకోకండి, గుట్టల మీద ఊరికే పెరుగుతుందని మనకు లోకువ గానీ, ఊరి మొదట్లో వరసగా పెట్టి ఏటా ఒకసారి కత్తిరిస్తే ఆ పసుపు ముందు కొనుక్కొచ్చిన మొక్కలు దిగదుడుపే. నీడకు కానుగ పెట్టండి, పశువులు పెద్దగా తినవు, పూత రాలినప్పుడు కింద నేలంతా లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. పొగడ నిదానంగా పెరుగుతుంది, ఓపికుంటే గుడి దగ్గర ఒకటి.

గన్నేరు విషయంలో జాగ్రత్త. ఆకు, కొమ్మ, పువ్వు అంతా విషమే. పచ్చిగా ఉన్నప్పుడు చేదుకు జీవాలు వాసన చూసి వదిలేస్తాయి, అదే కొట్టేసిన కొమ్మలు ఎండి గడ్డిలో కలిస్తే తెలియక తింటాయి, గేదెలు, ఆవులు చచ్చిపోతాయి. కత్తిరించిన ప్రతి కొమ్మా ఏరి పూడ్చేయాలి, మేతలో కలవనివ్వకూడదు, పొయ్యిలో పెట్టకూడదు. బడి, అంగన్‌వాడీ దగ్గర గన్నేరు వద్దే వద్దు. పచ్చగన్నేరు అసలు ఊళ్ళోకే తేవద్దు, దాని కాయలు మరీ ప్రమాదం.

కోనోకార్పస్ గురించి కూడా అడిగారు ఇద్దరు ముగ్గురు. తొందరగా పచ్చబడుతుంది నిజమే, కాకపోతే పిట్టలు పెద్దగా వాలవంటారు, పుప్పొడితో కొందరికి ఎలర్జీలు వస్తాయనే ఫిర్యాదులున్నాయి. 2024 వనమహోత్సవం ముందు మన రాష్ట్రంలో కూడా ఆ మొక్క వద్దు, మన నేల మొక్కలే నాటండని ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ కోరారు. నా మాట కూడా అదే.

*మేము పదిమంది కుర్రాళ్ళం ప్రతి ఆదివారం ఊరు ఊడుస్తున్నాం. గుంతకల్లు వైపు. మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడేమో శనివారం సాయంత్రం కావాలనే కసువు తెచ్చి రోడ్డు మీద పోస్తున్నారు, "రేపు పిల్లోళ్ళు ఎత్తుతారు లే" అని. ఊళ్ళో చెత్త ఎత్తే ఆయనకు నాలుగు నెలలుగా జీతం రాలేదట, పంచాయతీలో అడిగితే "మీరున్నారు కదా" అని నవ్వుతున్నారు.*

తమ్ముళ్ళూ, ఊడ్చడం ఆపేయండి. రెండు ఆదివారాలు ఆపి చూడండి.

కోపంతో చెప్పడం లేదు. మీరు మంచి మనసుతో చేస్తున్న పని ఒక మనిషి కూడు తీస్తోంది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకునేవాళ్ళకు మన రాష్ట్రంలో "హరిత రాయబారి" అని పేరు పెట్టారు, పేరు బాగానే ఉంది, జీతమే ఆలస్యం. ఊరి శుభ్రత పంచాయతీ బాధ్యత, దానికి డబ్బు వచ్చే దారి కూడా ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా గ్రామాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుద్ధ్యానికీ తాగునీటికీ మాత్రమే వాడాలని షరతు పెట్టింది, అందులో సగం పారిశుద్ధ్యానికి. మరి మీ ఊళ్ళో ఆ డబ్బు ఏ పద్దు కింద పోయిందో గ్రామసభలో అడగండి. పదిమంది కుర్రాళ్ళు పొరకలు పట్టుకోవడం కంటే పదిమంది కుర్రాళ్ళు ఒక కాగితం పట్టుకుని గ్రామసభలో కూర్చోవడం పంచాయతీకి ఎక్కువ టెన్షన్.

ఆ తర్వాత మీ ఆదివారాలు వేరే పనికి వాడండి, ఆయన ఒక్కడి వల్ల కాని పనికి. వంక గట్టున ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త, పూడిపోయిన చెత్త షెడ్డు, కాలువ మీద పగిలిన బండలు. ఊరవతల చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం అని రేకుల షెడ్డు కట్టి ఉంటారు, చాలా ఊళ్ళలో దానికి తాళం వేసి ఉంటుంది. తాళం తీయించండి. తడి చెత్త, పేడ కలిపి వానపాములతో ఎరువు చేస్తే రెండు నెలల్లోపు చేతికొస్తుంది, అదే పూలమొక్కలకు పోయొచ్చు. శనివారం కసువు పోసేవాళ్ళ సంగతంటారా, మీరు రావడం లేదని తెలిస్తే వాళ్ళే మానేస్తారు, వాళ్ళ వాకిలి ముందే కంపు కొడుతుంది కదా.

*మగోడు పొరక పట్టుకుంటే ఊళ్ళో నవ్వుతున్నారు.*

నవ్వనివ్వండి. మీ ఇంట్లో రోజూ ఎవరు పట్టుకుంటున్నారో వాళ్ళను చూసి ఎవరూ నవ్వడం లేదు కదా.

*నేను డిగ్రీ రెండో ఏడు. ఉరవకొండ దగ్గర. మా ఊళ్ళో యువజన సంఘంవాళ్ళు ఊరంతా శుభ్రం చేశామని ఫ్లెక్సీ కట్టారు. ఊరంతా అంటే రచ్చకట్ట, గుడి వీధి, పెద్ద రోడ్డు. మా కాలనీ ఊళ్ళో లేదా? పైగా అక్కడ ఎత్తిన చెత్త ట్రాక్టరుతో తెచ్చి మా కాలనీ వెనకాల వంకలో పోశారు. అడిగితే గొడవ అవుతుందని మా నాయన వద్దంటున్నాడు.*

అమ్మా, మీ నాయన భయం నాకు అర్థమైంది. ఆయన ఆ ఊళ్ళో బతకాలి. కానీ నువ్వు అడిగింది సరైన ప్రశ్న. ఈ సంచికలో ఇంతమంది రాసిన ఉత్తరాల్లో ఇది ఒక్క నువ్వే అడిగావు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒంటరిగా వెళ్ళి నోటితో అడగొద్దు. కాలనీలో పొదుపు సంఘం ఉంటుంది, వాళ్ళ పేరుతో పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాయించు, వంకలో పోసిన చెత్త ఫొటో జతచేసి, తేదీ వేసి, అందినట్టు సంతకం తీసుకో. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇవ్వు. వాననీళ్ళు పారే వంకలో చెత్త పోస్తే అది కాలనీ సమస్య ఒక్కటే కాదు, రేపు వాన పడితే అదే నీళ్ళు ఊరి బోర్ల చుట్టూ ఇంకుతాయి, ఆ ముక్క అర్జీలో తప్పక రాయి, చదివేవాళ్ళకు తమ సంగతి కూడా అందులో ఉందని తెలుస్తుంది.

ఇది చదువుతున్న యువజన సంఘాలకు ఒక మాట. ఈసారి పని కాలనీ నుంచి మొదలుపెట్టి గుడి వీధి దగ్గర ముగించండి. ఫ్లెక్సీ అప్పుడు కట్టుకోండి.

*మా అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ పల్లెలు పూలతో పోటీలు పడతాయట, వీడియోలు పంపిస్తుంది. మనకెందుకు రావు అలాంటివి? (కడప నుంచి ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు)*

మాస్టారూ, మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఫ్రాన్సులో 1959లో పూల ఊళ్ళకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టారు, ఊరి బోర్డు మీద ఒకటి నుంచి నాలుగు పూల గుర్తులు వేస్తారు. దాన్ని చూసి 1960లలో బ్రిటన్ 'బ్రిటన్ ఇన్ బ్లూమ్' పెట్టుకుంది, 2002 నుంచి దాన్ని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నడుపుతోంది. మార్కులు పూలకొక్కటే కాదు, ఊరివాళ్ళు ఎంతమంది చేయి వేశారు, పర్యావరణానికి ఏం చేశారు అన్నదానికి కూడా ఉంటాయి.

మీకు ఒక వింత చెబుతాను. లండన్‌లో ఏడాదికి పడే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో 550 చుట్టుపక్కల. ఏమంత తేడా లేదు! అక్కడ అది పన్నెండు నెలలూ తుంపరగా పడుతుంది, ఎండ మెత్తగా ఉంటుంది, పడిన నీరు నేలలో ఉంటుంది. ఇక్కడ నాలుగైదు పెద్ద వానల్లో దబదబా పడి వంకలో కలిసిపోతుంది, మిగిలింది ఎండ పీల్చేస్తుంది. అందుకే వాళ్ళ వీడియో చూసి పెటూనియాలు తెప్పించుకోవద్దు. వాళ్ళ దగ్గర తీసుకోవలసింది పోటీకి వేసే మార్కుల పద్ధతి.

అలాగని మనకు లేవనుకోకండి. పక్కన మహారాష్ట్రలో సంత్ గాడ్గే బాబా పేరుతో 2000-01లో ఊళ్ళ శుభ్రతకు పోటీలు పెట్టారు. ఆ బాబా ఏ ఊరికి పోయినా ముందు పొరక పట్టి వీధులు ఊడ్చి, సాయంత్రానికి కీర్తన చెప్పేవాడట. మన దగ్గర 2025 జనవరి నుంచి నెలకో శనివారం స్వచ్ఛాంధ్ర అంటున్నారు, మీ కడప జిల్లా మైదుకూరులోనే ముఖ్యమంత్రి మొదలుపెట్టారు. సర్కారు పోటీ కోసం ఎదురుచూడకుండా మీ మండలంలో నాలుగు ఊళ్ళ మాస్టార్లు కలిసి ఒకటి పెట్టండి. ఒకే ఒక్క షరతు: మార్కులు ఏప్రిల్ నెలాఖరున వేయాలి. సెప్టెంబరులో వేస్తే అన్ని ఊళ్ళూ గెలుస్తాయి.

*వయ్యారిభామ కలుపు పీకితే ఒళ్ళంతా దురదలు. ఏం చేయాలి?*

ఉత్త చేతులతో పీకొద్దు. గ్లవ్స్, పూర్తి చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ పనికి దూరంగా ఉండాలి. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేర్లతో సహా లాగాలి. పూత వచ్చాక పీకితే ఒక్కో మొక్క వేల గింజలు రాల్చిపోతుంది, మీరే విత్తినట్టు. ఖాళీ అయిన చోట బంతి గింజలు చల్లండి, మళ్ళీ మొలవడానికి దానికి చోటు దొరకదు.

*మాది జమ్మలమడుగు పక్క. వీధంతా సిమెంటు రోడ్డు, గోడ దాకా వేసేశారు. మట్టే లేదు, ఇంకేం నాటేది?*

మట్టి లేదు గానీ మీకు బండలున్నాయి కదా! మీ వైపు పాలిషు ఫ్యాక్టరీల పక్కన పగిలిన నాపరాళ్ళు కుప్పలుగా పడుంటాయి, అడిగితే ఊరికే ఇస్తారు. నాలుగు నిలబెట్టి మూలల్లో సిమెంటు పూస్తే తొట్టి. అడుగున నీళ్ళు పోయే సందు వదిలి, గులకరాళ్ళు వేసి, ఎర్రమట్టీ మాగిన ఎరువూ సగం సగం కలిపి, కొంచెం ఊక వేయండి. బండ ఎండకు కాలిపోతుంది, వేర్లు ఉడికిపోతాయి, అందుకని ఇంటికి తూర్పు గోడ వైపు పెట్టండి, మధ్యాహ్నం దాటాక నీడ వస్తుంది.

నీళ్ళు కొత్తగా వెతకొద్దు. ఇంటింటి కుళాయి పథకం లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు, నలుగురున్న ఇంటికి 220. అందులో చాలా భాగం గిన్నెలు తోమి, బట్టలు ఉతికి కాలువలోకే పోతుంది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు ఏ మొక్కకైనా పోయండి. సబ్బు నీళ్ళు మాత్రం అరటి, మెట్టతామర లాంటివాటికి, కాలువ చివర రెండు పిలకలు పెడితే అవే తాగేసి పూస్తాయి, దోమలూ తగ్గుతాయి.

*జాతర అయ్యాక ప్లాస్టిక్ గ్లాసులన్నీ పోగేసి రావిచెట్టు కింద కాల్చేస్తున్నాం. శుభ్రమైపోతోంది. తప్పా?*

తప్పే. ఆ పొగ మీ పిల్లలే పీలుస్తారు, చెట్టు బెరడు కాలి ఆ పక్క కొమ్మలు ఎండుతాయి, బహిరంగంగా చెత్త కాల్చకూడదని 2016 నుంచి నిబంధన కూడా ఉంది. అయినా ఆ ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. వచ్చే జాతరకు స్టీలు గ్లాసులు ఊరికి ఒక సెట్టు కొని పెట్టుకోండి, పెళ్ళిళ్ళకు కూడా బాడుగకిచ్చుకోవచ్చు.

*ఆళ్ళు నాటితే ఈళ్ళు నీళ్ళు పోయరు, ఈళ్ళు నాటితే ఆళ్ళు పీకేస్తారు. మాది అట్లాంటి ఊరు. పార్టీలు లేకుండా పనెట్లా చేయాలక్కా?*

పార్టీలు లేకుండా మన ఊళ్ళలో పెళ్ళి కూడా జరగదు, ఇక మొక్క ఎంత. రెండు పక్కలవాళ్ళనూ ఒక మీటింగులో కూర్చోబెట్టే పని పెట్టుకోకండి, అది మీ వల్ల కాదు. ఫ్లెక్సీ వద్దు, బోర్డు వద్దు, కండువా వద్దు, ప్రారంభోత్సవానికి ఏ నాయకుడూ వద్దు. కొబ్బరికాయ కొట్టాల్సి వస్తే ఊళ్ళో అందరికన్నా పెద్దావిడతో కొట్టించండి. మొక్కలు మాత్రం రెండు పక్కల ఇళ్ళకూ పంచండి, ఎవరి వాకిట్లో వాళ్ళు నాటుకుంటారు. ఎదుటోడి వాకిట్లో గన్నేరు పూసి తన వాకిట్లో పూయకపోతే మన సీమవాళ్ళు ఊరుకోరని మీకు తెలియదా, రాత్రి పూటైనా లేచి నీళ్ళు పోస్తారు.